తొమ్మిదో స్టేషన్ దగ్గర సున్నా

ఆ శనివారం తెల్లవారుజామున నేను చేసిన ప్రార్థన సరైనది కాదని చేస్తున్నప్పుడే నాకు తెలుసు. "తండ్రీ, ఈ ఒక్కరోజు ఆ పిట్టని కూయించు" అని అడిగాను. పిట్ట మీద ప్రేమతో కాదు. అది కూస్తే నేను నోరు విప్పి తప్పు ఒప్పుకోవలసిన అవసరం ఉండదని.

అంతకు ముందు ఏడాది, హవాయి పెద్ద దీవిలో మబ్బుల ఎత్తున ఉండే అడవికి పక్షుల లెక్కకు వెళ్ళి, వినని పిట్టను విన్నానని కాగితం మీద రాశాను. ఆ రాత ఇప్పుడు కదిలి పనిచేయడం మొదలుపెట్టింది.

మేము నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్ నుంచి ఈ దీవిలోని హీలో ఊరికి వచ్చి మూడేళ్ళయింది. మావారికి ఇక్కడి ఆసుపత్రిలో కంప్యూటర్ల ఉద్యోగం. నా వీసా మీద నేను జీతానికి పనిచేయకూడదు, ఉచితంగా చేయవచ్చు. ఇల్లు సర్దుకున్నాక నాకు మిగిలినవి రెండే, వాన, దాన్ని చూసే కిటికీ. అప్పుడు లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూశాను. అడవి పక్షులను లెక్కపెట్టడానికి మనుషులు కావాలట, చెవులు బాగుండాలట. నేను పదేళ్ళ వయసు నుంచి చర్చి సంఘంలో, క్వయర్‌లో రెండో గొంతు పాడినదాన్ని. నలభై మందిలో ఎవరు శ్రుతి తప్పారో కళ్ళు మూసుకుని చెప్పగలను. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, చెవిలో పిట్టల రికార్డింగులు పెట్టుకుని రెండు నెలల్లో వాటి గొంతులు నేర్చుకున్నాను.

మా బృందానికి పెద్ద ఒక తెలుగమ్మాయి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పుట్టి పెరిగింది, ఇక్కడ పక్షుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. నన్ను ఆంటీ అంటుంది, నాకు పనులు పురమాయిస్తుంది. మొదటి రోజు శిక్షణలోనే అందరి పెన్సిళ్ళూ తీసుకుని, వెనక ఉన్న రబ్బర్లను పీకి జేబులో వేసుకుంది.

"ఎరేజ్ చేయకూడదు, ఆంటీ. తప్పు రాస్తే సింగిల్ లైన్. కింద ఉన్నది కనపడాలి. పక్కన మీ ఇనిషియల్స్, డేట్. అంతే."

పని చెప్పుకోవడానికి తేలిక. అడవిలోకి తిన్నగా ఒక దారి, దాని పొడుగునా నూటయాభై మీటర్లకొకటిగా కొమ్మకు కట్టిన గులాబీ రంగు రిబ్బన్లు. ఒక్కో రిబ్బన్ ఒక స్టేషన్. అక్కడ ఎనిమిది నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలి. విన్న ప్రతి పిట్టనూ, కనపడిన ప్రతి పిట్టనూ, ఎంత దూరంలోనో అంచనా వేసి రాయాలి. కాగితం అడుగున అరుదైన పిట్టలకు వేరే వరసలు అచ్చువేసి ఉంటాయి. వాటిని ఖాళీగా వదలకూడదు, లేకపోతే సున్నా వేయాలి. "సున్నా కూడా డేటానే" అని ఆ అమ్మాయి ప్రతిసారీ అంటుంది.

ఆ వరసల్లో మొదటిది అకియాపోలాఅవు. ఇక్కడ అందరూ ముద్దుగా అకి అంటారు. పిడికెడంత పసుపు పిట్ట. కింది ముక్కు పొట్టిగా, ఉలిలా ఉంటుంది. పై ముక్కు కొడవలిలా వంగి దానికి రెట్టింపు పొడుగుంటుంది. కిందిదానితో కోవా చెట్టు బెరడును టకటక కొట్టి, పైదానితో లోపలి పురుగును లాగుతుంది. ఒకప్పుడు ఈ పిట్టలన్నీ సముద్రం ఒడ్డుదాకా ఉండేవట. పడవల్లో వచ్చిన దోమలు జబ్బు తెచ్చాక, దోమలు ఎక్కలేని చలి ఎత్తుల్లో మాత్రమే మిగిలాయి. మా తొమ్మిదో స్టేషన్ ఉన్న గట్టు మీద అకిని ఎవరూ చాలా ఏళ్ళుగా వినలేదు.

మా సంఘంలో ఒక అలవాటుంది. శనివారం ప్రార్థనలో సాక్ష్యాల వేళ, జరిగినవాటికే కాదు, జరగబోయేవాటికి కూడా ముందుగానే స్తోత్రం చెల్లిస్తాం. గ్రీన్ కార్డు రాకముందే "గ్రీన్ కార్డు ఇచ్చినందుకు స్తోత్రం" అని లేచి చెప్పినవాళ్ళను నేను చూశాను, వాళ్ళకు రావడమూ చూశాను. ఆ అలవాటును ఇప్పటికీ తప్పనను. నేను హీలో వచ్చినా మోరిస్‌విల్ సంఘం నన్ను వదల్లేదు, ప్రతి శనివారం ఫోన్లో కలుస్తాను. పోయినేడాది, అకి కోసం ప్రార్థన చేయమని నేనే అడిగాను. నా కోసం, ఎన్నడూ చూడని ఒక పిట్ట కోసం, ఉపవాసం ఉన్న ఇల్లాళ్ళున్నారు.

ఆ వారమే అడవిలో మనుషులు తక్కువై నేను ఒక్కదాన్నే లెక్కకు నిలబడ్డాను. తొమ్మిదో స్టేషన్లో ఆరో నిమిషం, కుడివైపు నుంచి టక్, టక్ అని రెండుసార్లు. అంతే. పాట లేదు, రెక్క కదలలేదు. నా గుండె మాత్రం గంటలా కొట్టుకుంది. అరుదైన పిట్టల వరసలో ఒకటి వేశాను. నలభై మీటర్లు. "పాట వినబడింది" అన్న గడిలో టిక్కు పెట్టాను. టక్‌టక్‌కు వేరే గడి ఉంది. ఉన్నా పాట గడిలోనే పెట్టాను, అది అక్కడ ఉన్నప్పుడు పాడకుండా ఎలా ఉంటుందిలే అని. అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. విశ్వాసంతో రాస్తున్నాను అనుకున్నాను. ఆ వారం ప్రార్థనలోనే సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత వారాల్లో నెమ్మదిగా లోపల ముల్లు గుచ్చుకోవడం మొదలైంది. ఏమవుతుందిలే, వెయ్యి కాగితాల్లో ఒక కాగితం అని సర్దిచెప్పుకున్నాను. ఏడాది గడిచింది. మొన్న గురువారం ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. అకి గుడ్లను ఎలుకలు తింటాయి, అందుకని గూళ్ళ చుట్టూ ఎలుక బోనులు పెడతారు. ఈ ఏడాది బోనులు ఒక్క చోటికే సరిపోతాయి. నా రికార్డు పుణ్యమా అని మా గట్టు జాబితాలో పైకి వచ్చిందట. సోమవారం మీటింగ్‌లో ఖాయం చేస్తారట. చివర మూడు పూల బొమ్మలు పెట్టింది. ఆ గట్టుకు బోనులు వస్తే దక్షిణాన ఉన్న లోయకు రావు. ఆ లోయలో రెండు అకి జంటలు గూళ్ళు కడుతున్నాయి. వాటిని ఆ అమ్మాయి కళ్ళారా చూసింది.

అదీ ఆ శనివారం నా ప్రార్థన వెనక ఉన్న సంగతి.

నాలుగున్నరకు ఆమె ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను.

"ఆంటీ, తిన్నారా?"

"తర్వాత తింటాలేమ్మా."

"మీరు తినలేదా? వై? మీరే కదా ఎంప్టీ స్టమక్‌తో కౌంట్ చేయొద్దు అంటారు?" అని, కొండ రోడ్డు ఎక్కాక మళ్ళీ తనే, "ప్రే చేస్తున్నారా? నా థీసిస్ కూడా పెట్టండి అందులో. మా అమ్మ ఆల్రెడీ వ్రతం చేసింది. డబల్ కవరేజ్" అంది.

నవ్వాను. ఒళ్ళో డబ్బా మూత మళ్ళీ బిగించాను.

అడవి గేటు దగ్గర బూట్లు విప్పి గట్టి బ్రష్‌తో అడుగుల్లోని మట్టి అంతా గీకి, స్పిరిట్ చల్లాలి. ఓహియా చెట్లను చంపే బూజు ఒకటి బూట్ల మట్టితో వస్తుంది. మండే పొద మాట వాక్యంలో విన్ననాటి నుంచి పరిశుద్ధ స్థలమంటే చెప్పులు విడవడం అని నాకు తెలుసు. ఇక్కడ విడిచి, కడిగి, మళ్ళీ వేసుకుంటాం. మామూలుగా నాకు ఆ పని ఇష్టం. ఆ రోజు మాత్రం ఎంత గీకినా ఇంకా ఏదో అంటుకున్నట్టే ఉంది.

మొదటి ఎనిమిది స్టేషన్లూ దేవుడు తన చేతి పని చూపించినట్టే గడిచాయి. ఓహియా చెట్లు ఎర్రగా పూశాయి, పూలల్లో అంతకంటే ఎర్రగా అపపానె పిట్టలు. ఇఈవి అనే ఇంకో ఎర్ర పిట్ట వంకర ముక్కుతో, నూనె వేయని తలుపులా కిర్రుమంటుంది. మంచు చుక్కలు కాగితం మీద పడుతున్నాయి. ఇద్దరం కలిసి విన్నాం, నేను రాశాను. నాలుగో స్టేషన్లో చెబుదామనుకున్నాను. ఆరు దగ్గర చెబుదామనుకున్నాను. తొమ్మిదిలో అది కూస్తే, కూస్తే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు కదా అని మళ్ళీ లోపల బేరం.

తొమ్మిదో రిబ్బన్ ఒక ముసలి కోవా చెట్టుకు కట్టి ఉంది. ఆమె గడియారం నొక్కింది. మొదటి నిమిషం, రెండు అపపానెలు. మూడో నిమిషం, దూరంగా ఒక అమకీహి. ఐదో నిమిషం, ఏమీ లేదు, గాలి మాత్రం లేచింది. ఆరో నిమిషం.

టక్. టక్ టక్.

కుడివైపు నుంచి. ఆ అమ్మాయి నా మోచేయి పట్టుకుంది. లెక్కలో ఎవరైనా దగ్గినా కళ్ళెర్రజేసే మనిషి, తనే గుసగుసగా, "ఆంటీ, విన్నారా? ట్యాపింగ్! నలభై మీటర్స్. సేమ్ ప్లేస్ కదా? మీ అకి!" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "రాయండి, రాయండి."

అడిగినది దాదాపు దొరికింది. పెన్సిల్ ఆ వరస మీదే ఉంది. ఈసారి రాయమంటున్నది నేను కూడా కాదు, చదువుకున్న పిల్ల, బృందానికి పెద్ద. రాస్తే రెండేళ్ళ రికార్డు అవుతుంది. నా మొదటి గీత ఈ రెండో గీత కింద శాశ్వతంగా దాక్కుంటుంది. అప్పుడు ఆమె ముఖం చూశాను. ఏడాది కిందట నా ముఖం సరిగ్గా ఇలాగే ఉండి ఉంటుంది.

"రాయొద్దమ్మా."

"వాట్?"

"మనం విన్నది చప్పుడు. పిట్టని వినలేదు. పోయినసారి కూడా నేను విన్నది ఇదే. పాట వినలేదు, చూడలేదు. ఉండాలని గట్టిగా నమ్మి, విన్నట్టు రాసేశాను. నన్ను క్షమించు తల్లీ. గురువారం నుంచి నీకు చెప్పాలని, ధైర్యం చాలక..."

గడియారం బీప్ అంది. ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. ఆమె దాన్ని ఆపలేదు, అది అలా అరుస్తూనే ఉంది.

"నమ్మి అంటే?" అంది చివరకు. "మీరు పాట బాక్స్ టిక్ చేశారు. వినకుండా టిక్ చేశారా?"

"అవును."

ఆమె ఫెర్న్ పొదల్లోకి దిగి కుడివైపు నడిచింది. వెనకే వెళ్ళాను. నలభై మీటర్లు నడిచామో లేదో దొరికింది. విరిగి, పై కొమ్మకు చిక్కుకుని వేలాడుతున్న ఎండు కోవా కొమ్మ. గాలి వీచినప్పుడల్లా దాని చివర బోలు మానుకు తగులుతోంది. టక్. టక్ టక్. ఆమె ఆ కొమ్మను చేత్తో పట్టుకుని రెండుసార్లు కొట్టి చూసింది, వదిలేసింది.

"అకి వరస?" అని అడిగాను.

"సున్నా."

సున్నా వేశాను. చిన్న గుండ్రటి గీత. ఏడాదిగా మోస్తున్నదేదో ఆ గీతలోంచి జారిపోయినట్టు నా భుజాలు కిందికి దిగాయి. సిగ్గు పోలేదు, ఆమె ముఖం చూడాలంటే ఇంకా భయంగానే ఉంది. కానీ ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

పది, పదకొండు, పన్నెండు స్టేషన్లలో ఆమె పిట్టల పేర్లు, దూరాలు మాత్రమే చెప్పింది. పన్నెండో రిబ్బన్ దగ్గర నీళ్ళు తాగి, సీసా మూత బిగించి, అప్పుడు అంది.

"లాస్ట్ ఇయర్ మీరు చెప్పినప్పుడు నేను ఏడ్చాను. గుర్తుందా? మా ప్రొఫెసర్‌కి నేనే ఫోన్ చేశాను. మండే నాడు నేనే స్టాండ్ అయి అందరికీ మీ షీట్ చూపించేదాన్ని."

"తెలుసమ్మా."

"ట్రాప్స్ ఇక్కడ పెట్టేవాళ్ళు. ఈ కొమ్మకి. అక్కడ నా బర్డ్స్ ఎగ్స్ ఎలుకలు తినేవి."

"అవును."

కాసేపు వేళ్ళు మడిచి ఏదో లెక్కవేసుకుంది. "బట్, ఇవాళ సాటర్‌డే" అంది. పెద్దగా ఊపిరి వదిలింది. "థాంక్ గాడ్, ఇవాళ సాటర్‌డేనే." చెట్టుకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. సోమవారం మీటింగ్‌కు ఇంకా రెండు రోజులుంది, పెద్ద లారీ పక్క నుంచి దూసుకుపోయాక రోడ్డు వారగా కూలబడ్డవాళ్ళలా ఉన్నాం.

తిరుగు ప్రయాణంలో సిగ్నల్ వచ్చేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. మోరిస్‌విల్‌లో సాయంత్రం ఏడున్నర, ప్రార్థన మొదలయ్యే వేళ. తప్పుడు సాక్ష్యం చెప్పింది అక్కడ కూడా కదా. "ఫోన్ స్పీకర్లో పెట్టుకోనా? ఇప్పుడే చెప్పేయాలి" అని అడిగాను. పెట్టుకోండి అన్నట్టు తలూపింది.

మా పాస్టరుగారి భార్యే ఆ ప్రార్థన నడిపిస్తారు. అందరం ఆమెను అమ్మగారు అంటాం.

"వందనాలమ్మా! మీకక్కడ ఇంకా ఎండేనా? మాకు ఇక్కడ చపాతీలు కూడా అయిపోయాయి."

"వందనాలు అమ్మగారూ. సాక్ష్యాల దాకా ఆగలేను, ముందే ఒకటి చెప్పాలి." దాచకుండా అంతా చెప్పాను. టిక్కు సంగతి, కొమ్మ సంగతి. అవతల ఎవరిదో కుక్కర్ రెండు విజిళ్ళు వేసింది.

"అంటే," అన్నారు అమ్మగారు నిదానంగా, "ఏడాదిగా మేమంతా ఒక కొమ్మ కోసం స్తోత్రాలు చెప్పుకుంటున్నామన్నమాట."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఫోన్ నిండా నవ్వులే. నవ్వులు ఆగాక ఆమె గొంతు మారింది.

"చూడమ్మా, లేనివాటిని ఉన్నట్టు పిలిచే అధికారం ఆయనది. మనకిచ్చిన పని చూసిందీ విన్నదీ చెప్పడం. నువ్వు ఆయన కుర్చీలో కాసేపు కూర్చున్నావు. లేచావు కదా, ఇక సరే. ఆ లోయలో ఉన్నాయన్న జంటలైనా నిజమేనా? ఎవరు చూశారు?"

"నేను చూశాను, ఆంటీ!" అని స్టీరింగ్ దగ్గర్నుంచి అరిచింది ఆ అమ్మాయి. "ఫోటోస్ ఉన్నాయి!"

"ఎవరమ్మా నువ్వు? గొంతు బాగుంది. సరే, ఫోటో ఉన్నవాటికే చేద్దాం."

ఆ రోజు కొండ దిగుతున్నంతసేపూ, ఎక్కడో ఉన్న రెండు జంటల పిట్టల గుడ్లను ఎలుకల బారి నుంచి కాపాడమని పన్నెండు ఇళ్ళవాళ్ళు తెలుగులో ప్రార్థించారు. చివర అందరితో పాటు ఆమెన్ అని, "నా థీసిస్ మర్చిపోయారు, ఆంటీ" అని ఆ అమ్మాయి నా వైపు చూసింది. పొద్దుట్నుంచి మొదటిసారి నా వైపు మామూలుగా చూసింది.

ఆఫీసులో పాత కాగితాల ఫైలు తీసి నా ముందు పెట్టింది. నా చేతిరాత, నా ఒకటి, నా టిక్కు. వాటి మీద ఒక్కొక్క గీత గీశాను. పక్కన పొడి అక్షరాలు, తేదీ. "చప్పుడు మాత్రమే, పిట్ట కాదు" అని కారణం రాశాను. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది వేరు. పాపాలు కడిగేస్తాడు, సముద్రపు లోతుల్లో పడేస్తాడు, ఇక జ్ఞాపకం చేసుకోడు. అది నేను నమ్ముతాను, దాని మీదే బతుకుతున్నాను. కానీ ఈ కాగితం మీద తప్పు కనబడుతూనే ఉంటుంది, దాని మీద గీత కూడా కనబడుతూనే ఉంటుంది. రేపు ఎవరో తెలియని మనిషి ఈ ఫైలు తెరిస్తే రెండూ చదువుతారు. అందుకు నాకు బాధ కలగకపోగా నిమ్మళం కలగడం నాకే వింతగా అనిపించింది.

ఆమె నా గీత తిన్నగా ఉందో లేదో చూసి ఫైలు మూసింది. "ఈ సీజన్ అంతా నేను వింటాను, మీరు రాస్తారు. అలోన్ కౌంట్ లేదు. నెక్స్ట్ ఇయర్ చూద్దాం. ఓకే?"

"నన్ను పంపేస్తావనుకున్నాను."

"పంపేస్తే ఎవరు రాస్తారు? వేరేవాళ్ళ రైటింగ్ నేను చదవలేను." ఆగి, "మీ మీద కోపం ఉంది. కొంచెం టైమ్ పడుతుంది" అంది.

"పడనీ."

సోమవారం బోనులు దక్షిణ లోయకే ఖాయమయ్యాయి. అది తర్వాతి సంగతి. ఆ శనివారం ఆఫీసు మెట్ల మీద కూర్చునే సరికి మూడున్నర దాటింది. నాకు ఒక్కసారిగా, కళ్ళు తిరిగేంత ఆకలి వేసింది. గురువారం నుంచి సరిగా తిననే లేదు. డబ్బా మూత తీశాను. పులిహోర చల్లారి ముద్దలా అయింది, అయినా ఇంగువ వాసన పోలేదు. ఆమె వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది, అడగకుండానే చెయ్యి పెట్టి వేరుసెనగ గింజలన్నీ ఏరుకోవడం మొదలుపెట్టింది.

"గింజలన్నీ నీకేనా?" అన్నాను.

"పెనాల్టీ, ఆంటీ" అంది నములుతూ.